ఎంటర్‌ప్రైజ్ ఎవరి కోసం వచ్చింది?

ప్రశ్న: 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో అమెరికా తన విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతంలోకి పంపింది కదా, ఒక్క గుండు కూడా పేల్చకుండా ఎందుకు పోయింది? రష్యాకు భయపడేనా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: రష్యా ఒక కారణమే. అసలు ఆ నౌక యుద్ధం చెయ్యడానికే బయలుదేరిందా అన్నది ముందు చూడాలి. తేదీలు గమనించండి. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మన విశాఖ తీరం దగ్గర మునిగింది (ఎలా మునిగిందన్న వాదన ఇంకా తెగలేదు, దాని జోలికి ఇప్పుడు పోవద్దు). అమెరికా అధ్యక్షుడు నిక్సన్ నౌకాదళానికి ఆదేశమిచ్చింది 10న. వియత్నాం వైపు నుంచి మలక్కా జలసంధి దాటి అది బంగాళాఖాతం చేరేసరికి 15 అయింది. మర్నాడే ఢాకాలో లొంగుబాటు. అమెరికన్లను తరలించడానికే అని పైకి చెప్పారు గానీ, ఢాకాలోని విదేశీయులను బ్రిటిష్ విమానాలు 12ననే తీసుకుపోయాయి.

నిక్సన్ కన్ను బీజింగ్ మీద ఉంది. జులైలో ఆయన సలహాదారు కిసింజర్ రహస్యంగా చైనా వెళ్లింది పాకిస్తాన్ మీదుగానే. మధ్యవర్తిని నట్టేట ముంచితే కొత్త స్నేహితుడు నమ్ముతాడా? చైనా సరిహద్దులో కదిలితే తాము అడ్డు రామని, అడ్డుకునేవాళ్లను ఎదిరిస్తామని కిసింజర్ 10ననే న్యూయార్క్‌లో చైనా రాయబారికి చెప్పాడు. 12న జవాబు వచ్చింది: సైన్యం మాట లేదు, ఐక్యరాజ్య సమితిలో కాల్పుల విరమణ గురించి మాత్రమే. చైనాను మన మీదికి కదిలించే పథకం అక్కడే చల్లబడింది.

ఇక రష్యా. ఆగస్టు 9న మనకూ సోవియట్‌కూ కుదిరిన మైత్రీ ఒప్పందంలో తొమ్మిదో అధికరణం చదివితే, దాడి ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకుంటామనే ఉంది. తప్పక యుద్ధానికి వస్తామని లేదు. ఆ అస్పష్టతే మనకు పనికొచ్చింది, ఎంతదూరం వెళ్తారో వాషింగ్టన్‌కు తేలలేదు. సోవియట్ నౌకలు వెంటపడటం తర్వాతి సంగతి.

ప్రశ్న: సమితిలో వీటో వేస్తే ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: సమయం, మన సైన్యం ఢాకా చేరేదాకా. డిసెంబరు 4, 5, 13 తేదీల్లో సోవియట్ వీటో మూడుసార్లు కాల్పుల విరమణ తీర్మానాలను ఆపింది. 4న ఓటుకు పెట్టినప్పుడు అమెరికా మిత్రులే అయిన బ్రిటన్, ఫ్రాన్స్ తటస్థంగా కూర్చున్నాయి. 7న సర్వసభ్య సభలో 104–11తో మనకు వ్యతిరేకంగా తీర్మానం నెగ్గింది. కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు.

ప్రశ్న: మిత్రదేశం కాదంటే అగ్రరాజ్యం నిజంగా ఆగుతుందా?
– ఒక విద్యార్థి, సీతమ్మధార

జవాబు: యుద్ధం ఆగకపోవచ్చు, దారి మాత్రం మారుతుంది. మిత్రదేశం ఇవ్వగలిగినవి ముఖ్యంగా మూడు: రేవులో సామాను దించుకునే అనుమతి, స్థావరం, గగనతలం. ఒక్కోదానికీ విడిగా ఒప్పించుకోవాలి. 2003లో ఇరాక్ మీదికి ఉత్తరం నుంచి కూడా వెళ్లాలని అమెరికా టర్కీని అడిగింది. 62 వేల మంది సైనికులకు అనుమతి కావాలి. మార్చి 1న పార్లమెంటులో అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థం 19. అనుకూల ఓట్లే ఎక్కువ, అయినా తీర్మానం వీగిపోయింది, ఎందుకంటే హాజరైన 533 మందిలో సగానికి పైన, అంటే 267 కావాలి. మూడు ఓట్లు తక్కువ! నాలుగో పదాతి దళం ట్యాంకులతో మధ్యధరాలో వేచి ఉన్న ఓడలు సూయజ్ మీదుగా కువైట్‌కు తిరగాల్సి వచ్చింది. అవి చేరేసరికి యుద్ధం చాలావరకు నడిచిపోయింది. టర్కీ తర్వాత గగనతలం ఇచ్చింది గానీ ట్యాంకుల దండు ఆకాశంలోంచి దిగదు కదా. ఉత్తరాన మార్చి 26న దాదాపు వెయ్యి మంది పారాచ్యూట్ సైనికులను దించి, కుర్దు దళాలను తోడు చేసుకుని సర్దుకున్నారు.