ముగ్గురికి ఒకే కీబోర్డు

చి. అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెయిల్ చదివాను. స్కూల్ ప్రోగ్రామింగ్ టీంలోకి నిన్ను తీసుకున్నందుకు చాలా సంతోషం. ముగ్గురిలో ఎవరు బాగా కోడ్ రాస్తే వాళ్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మిగతా ఇద్దరూ పక్కనుంచి ఐడియాలు చెబితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. చాలా టీంలు ఇలాగే మొదలుపెట్టి రెండు ప్రాబ్లెంలు అవ్వగానే చతికిలబడతాయి.

మీది ఐసీపీసీ పద్ధతిలో జరిగే పోటీ అని రాశావు. అసలు ఐసీపీసీ అంటే యూనివర్సిటీ విద్యార్థుల అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ. అందులో ముగ్గురు మనుషులు, ఒక్క కంప్యూటర్, ఐదు గంటలు. స్కూల్ స్థాయిలో గంటలు తగ్గించినా మిగతాదంతా అలాగే ఉంటుంది. ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ దారి వేరు. అక్కడ ఎవరి మెషిన్ వాళ్లది, ఎవరి మార్కులు వాళ్లవి, ప్రోగ్రామ్ సగం పనిచేసినా కొన్ని మార్కులు పడతాయి. మీకు సగం అనేది లేదు. ప్రోగ్రామ్‌ను పరీక్షించే అన్ని టెస్టులూ పాసైతేనే సాల్వ్ చేసినట్టు, ఒక్కటి తప్పినా సున్నా.

ఇప్పుడు లెక్క వేసుకో. మూడు బుర్రలకు కలిపి పదిహేను గంటలు ఉన్నాయి. కీబోర్డుకు మాత్రం ఐదే. కరువంతా కీబోర్డుకే. దాని ముందు కూర్చుని ఎవరైనా గోళ్లు కొరుక్కుంటూ ఆలోచిస్తున్నారంటే, ఆ సమయం మీ ముగ్గురిదీ పోతున్నట్టే. అందుకే మొట్టమొదట ఒక నియమం పెట్టుకోండి. కాగితం మీద తేలనిదేదీ కీబోర్డు దాకా రాకూడదు. ఏం చేస్తున్నానో పక్కవాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పగలగాలి, ప్రశ్నలో ఇచ్చిన శాంపిల్ ఇన్‌పుట్‌కు జవాబు చేత్తో కట్టి చూపించగలగాలి. ఆ తర్వాతే కుర్చీ.

కుర్చీ ఎక్కడం కంటే దిగడం కష్టం. రాంగ్ ఆన్సర్ వచ్చిన క్షణంలో చూడు, కూర్చున్న మనిషికి లేవబుద్ధి కాదు. "ఒక్క నిమిషం, దొరికేసింది" అంటూ ఒకచోట చిన్నది అనే గుర్తుకు (<) సమానం గుర్తు చేర్చి మళ్లీ సబ్మిట్ చేస్తాడు. మళ్లీ రాంగ్. ఈసారి సమానం తీసేసి ప్లస్ వన్ పెడతాడు. ఇది డీబగ్గింగ్ (తప్పు వెతికి సరిచేయడం) కాదు, లాటరీ. ఆ ప్రాబ్లెం చివరికి సాల్వ్ అయితే, ప్రతి తప్పు సబ్మిషన్‌కూ 20 నిమిషాల పెనాల్టీ పడుతుంది.

అలాంటప్పుడు కోడ్ ప్రింట్ తీసుకుని లేచిపోవాలి. ప్రింటింగ్ సదుపాయం ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. ప్రింట్ చేతికి వచ్చాక రాసినవాళ్లు పైకి చదవాలి, రెండోవాళ్లు పెన్సిల్ పట్టుకుని వినాలి. "ఐ సున్నా నుంచి ఎన్ దాకా" అని చదివితే "ఎన్ కూడా కలిపా, ఎన్ ముందు వరకేనా?" అని అడగాలి. చదివేవాళ్ల నోరు అక్కడ ఆగుతుంది. బగ్ చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఈలోపు మూడోవాళ్లు మెషిన్ మీద ఇంకో ప్రాబ్లెం టైప్ చేసుకుంటూ ఉంటారు. టైం ఎక్కడా వృథా కాదు.

ఏది ముందు చేయాలన్నదానికి ఒక చిన్న లెక్క చెబుతాను. పది, ముప్పై, అరవై నిమిషాలు పట్టే మూడు ప్రాబ్లెంలు ఉన్నాయనుకో. తేలికది ముందు చేస్తే 10, 40, 100వ నిమిషాల్లో పూర్తవుతాయి, మొత్తం 150. కష్టమైనది ముందు పట్టుకుంటే 60, 90, 100, అంటే 250. పని అదే, గంటలూ అవే, టైబ్రేక్‌లో (సమానంగా సాల్వ్ చేసిన టీంలలో ఈ నిమిషాల మొత్తం తక్కువున్నదే పైన ఉంటుంది) మాత్రం వంద తేడా. చిక్కేమిటంటే పేపర్‌లో ప్రాబ్లెంలు తేలిక నుంచి కష్టానికి వరుసగా ఉండవు. కాబట్టి మొదట్లోనే పేపర్‌ను మూడు ముక్కలు చేసి తలా ఒకటి చదవండి. స్కోర్‌బోర్డు మీద కూడా కన్నేసి ఉంచండి. మీరు పక్కన పెట్టిన ప్రాబ్లెంను ఎక్కువ టీంలు గబగబా చేసేస్తుంటే, దాన్ని మీరు తప్పుగా చదివి ఉంటారు. ఇంకొకరు మొదటినుంచి చదవాలి. ఐసీపీసీలో చివరి గంట బోర్డు ఫ్రీజ్ చేస్తారు, ఇతరులు ఏం చేస్తున్నారో అప్పుడు తెలియదు.

ప్రశ్నలోని కథ చదివే ముందు లిమిట్స్ (ఇన్‌పుట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దులు) చదువు. ఎన్, అంటే ఇన్‌పుట్‌లో ఉన్నవాటి సంఖ్య, లక్ష అని ఉందంటే లూప్‌లో లూప్ పెడితే వెయ్యి కోట్ల స్టెప్పులు. సి++ లో సెకనుకు సుమారు పది కోట్లు అని అంచనా వేసుకుంటారు, కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. సార్టింగ్ (వరుసలో పేర్చడం) వంటిదేదో వెతకాలి. ఎన్ ఇరవై దాటదంటే అన్ని సబ్‌సెట్లూ (ఉపసమితులూ) చూసెయ్యమని చెప్పకనే చెబుతున్నారు, అవి పది లక్షల చిల్లరే. ఇక సి++ లో పూర్ణాంకాలు దాచే ఇంట్ సంగతి. అందులో పట్టేది 214 కోట్ల పైచిలుకు. వంద కోట్ల సంఖ్యలు మూడు కలిపితే చాలు, నిండిపోయి మైనస్‌లోకి పోతుంది. జడ్జి (సబ్మిట్ చేసినదాన్ని పరీక్షించే ప్రోగ్రామ్) ఆ సంగతి చెప్పదు, రాంగ్ ఆన్సర్ అని ఊరుకుంటుంది. కాబట్టి అనుమానం ఉన్నచోటల్లా ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ వాడండి. పైథాన్‌లో ఈ బాధ లేదు, కానీ పెద్ద లూపుల్లో టైం లిమిట్ దాటిపోతుంది.

ముగ్గురిలో తను కాస్త వెనకబడి ఉన్నానని బాధపడే అమ్మాయి గురించి రాశావు. కష్టమైన ప్రాబ్లెం నేనంటే నేను అనే టీంలో టెస్ట్ కేసులు తయారుచేసేవాళ్లే ఉండరు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? ఆ పని ఆమెకు ఇవ్వండి, బుజ్జగింపుగా కాదు, నిజమైన పనిగా. ఎన్ ఒకటైతే? అన్నీ ఒకే సంఖ్య అయితే? గ్రాఫ్ (చుక్కలూ, వాటిని కలిపే గీతలూ) రెండు ముక్కలుగా ఉంటే? కోడ్ చూడకుండా, కేవలం ప్రశ్న చదివి ఇలాంటి కేసులు పది రాసి, జవాబులు చేత్తో కట్టి ఉంచాలి. ఆ కాగితం దాటాకే సబ్మిట్ బటన్. ఇది కుదురుగా చేసే మనిషి ఉన్న టీంకు పెనాల్టీలు తగ్గుతాయి. నన్నడిగితే టీంలో ఆ సీటు అందరికంటే ముఖ్యం.

"నీ వల్లే ఇరవై నిమిషాలు పోయాయి" అన్న మాట హాల్లో ఎవరి నోటా రాకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. బయటికొచ్చాక ఎంతైనా తిట్టుకోండి.

చివరి గంటలో కొత్త ప్రాబ్లెం తెరవకండి. పూర్తవడానికి దగ్గరగా ఉన్నదాని మీద ఇద్దరు కూర్చోండి. ఆఖరి పది నిమిషాల్లో మాత్రం పెనాల్టీ గురించి టెన్షన్ వద్దు. ర్యాంకు మొదట సాల్వ్ చేసినవాటి సంఖ్యను బట్టే, పెనాల్టీ ఆ తర్వాత. సాల్వ్ కాని దానికి పెనాల్టీ అసలు పడదు. అప్పుడు సబ్మిట్ చేయకుండా దాచుకుంటే దక్కేదేమీ లేదు.

ప్రాక్టీస్ సంగతి. ఎవరింట్లో వాళ్లు రోజూ రెండు ప్రాబ్లెంలు చేయడం మంచిదే, కానీ దాన్ని టీం ప్రాక్టీస్ అనరు. వారానికి ఒక్కసారైనా ముగ్గురూ ఒకచోట కూర్చుని, ఒకే మెషిన్ మీద, పూర్తి టైం పెట్టుకుని పాత పేపర్ చేయాలి. కోడ్‌ఫోర్సెస్ అనే వెబ్‌సైట్‌లోని జిమ్ విభాగంలో పాత పోటీలు బోలెడు ఉన్నాయి, వర్చువల్‌గా (నిజం పోటీలాగే గడియారం పెట్టుకుని) రాయొచ్చు. మిగిలిపోయిన వాటిలో కనీసం ఒక్కటైనా మర్నాటికల్లా పూర్తి చేయండి. నోట్స్ కాగితాలు తీసుకెళ్లనిస్తే డైక్‌స్ట్రా, సీవ్, యూనియన్ ఫైండ్ లాంటి తరచూ వాడే అల్గారిథంలు మీ చేత్తో రాసి, నడిపించి చూసినవే పెట్టుకోండి. ఎక్కడినుంచో కాపీ కొట్టిన కోడ్ హాల్లో మొండికేస్తే బాగుచేయడం ఎవరి తరమూ కాదు.

ఈ ఆదివారం పెట్టుకునే ప్రాక్టీస్‌లో ఎవరు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా కుర్చీలో ఉన్నారో ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపు. ఎన్ని సాల్వ్ చేశారన్నది తర్వాత చూస్తాను.

పెదనాన్న