బొగ్గు ఉత్పత్తి పెరిగినా గోదావరిఖనిలో దసరా సరుకు ఎందుకు మిగులుతోంది?

మీ బట్టల దుకాణంలో సరుకు మిగలడానికి కారణం, బహుశా, బొగ్గు టన్నులను చూసి ఆర్డరు పెట్టడమే. ఓపెన్‌కాస్టులలో (నేలపై నుంచి తవ్వే గనులలో) పని ఎక్కువగా యంత్రాలదే కనుక, 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి పర్మినెంటు కార్మికుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు దిగింది. మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది.

1. మీ ఏరియాలో ఏ గనిలో ఎందరు పర్మినెంటువారున్నారో, ఈ ఏడాది ఎందరు రిటైరవుతారో యూనియన్ వారిని అడగండి. చాలామంది వదిలేసేది ఇదే. గని మూతపడితే ఉద్యోగం పోదు, బదిలీ జరుగుతుంది. అయితే ఆ జీతం ఇకపై భూపాలపల్లిలోనో శ్రీరాంపూర్‌లోనో ఖర్చవుతుంది, ఉత్పత్తి లెక్కల్లో మాత్రం ఆ మార్పు ఎక్కడా కనిపించదు.

2. సింగరేణి కార్మికులకిచ్చే లాభాల వాటా సాధారణంగా దసరాకు ముందు, పీఎల్‌ఆర్ (పనితీరు ఆధారిత) బోనస్ దీపావళికి ముందు అందుతాయి. వాటా శాతం ప్రకటించేదాకా సగం సరుకుకే మాట ఇవ్వండి. హోల్‌సేల్ వ్యాపారి తొందరపెడతాడు, అది ఆయన వృత్తిధర్మం.

3. కాంట్రాక్టు కార్మికులకు 2024లో బోనస్‌గా ఒక్కొక్కరికి 5 వేల రూపాయలు ఇచ్చారు. వారి కోసం తక్కువ ధర రకాలను వేరుగా తెప్పించండి.