వంటింటి డబ్బాల దగ్గర మొదలుపెట్టు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటే బాధేసింది. ఒకటో తరగతి అయిపోవస్తున్నా బాబుకి తెలుగులో రెండు మాటలు చదవడం రావట్లేదన్నావు. ముప్పై ఏళ్లు ఆ ఒకటో తరగతికే పాఠాలు చెప్పినదాన్ని, నా మాట విని టెన్షన్ పడకు.

ముందు ఒక పని చెయ్యి. వాడు గడగడా అప్పజెప్పే పాఠం తీసి, మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటో అడుగు. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడంటే బట్టీ పట్టాడన్నమాట. నా క్లాసులో ఒకడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా చదివేసేవాడు!

56 అక్షరాలూ వచ్చాకే మాటలు అని కూచోకు. ఙ, ఞలతో వాడికిప్పుడు పనేముంది? మా పెద్దోడి దగ్గర నేనే ఆ తప్పు చేశాను. రోజూ పలకంతా దిద్దించేదాన్ని, వాడేమో పలక చూస్తేనే మంచం కింద దూరేవాడు. చిన్నదానికి మాత్రం వంటింట్లో నేర్పాను. డబ్బాల మీద కాగితాలు అంటించు: ఉప్పు, పప్పు, పసుపు. మూతలు తియ్యకుండా "ఉప్పు అందుకో నాన్నా" అను. ఉప్పుకీ పప్పుకీ తేడా ఒక్క మొదటి అక్షరమే కదా, అక్కడ వాడి కళ్లు ఆగుతాయి. నువ్వు తొందరపడి అందించకు. మనసులో అయిదు లెక్కపెట్టుకో.

పిల్లలు బెదిరేది వత్తుల దగ్గర. ద, గ, డ, ప వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి ముద్ద, బుగ్గ, గడ్డి, పప్పు ముందు చెప్పు. త, న, మ, య వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటికి మన ఇంట్లోనే మాటలున్నాయి: అత్త, నాన్న, అమ్మ, అయ్య. వరసలన్నీ గోడ మీద సుద్దముక్కతో రాయించు. గోడ పాడవుతుందని మీ ఆయన అంటే నా పేరు చెప్పు.

మ, వు కలిపేస్తే కోప్పడకు. వకి కొమ్ము పక్కన తగిలిస్తే అది మ అయిపోతుంది, అందుకే కింద నుంచి తిప్పి ఇస్తాం. ఒకసారి రాసి చూపించు, నవ్వుకుంటాడు.

ఇంకో మాట. పుస్తకంలో "వస్తున్నాడు" అని ఉంటే వాడు "వస్తుండు" అని చదివితే దిద్దకు. అర్థమైంది కాబట్టే మనింటి మాటలోకి మార్చుకున్నాడు. రెండు రోజులాగి పుస్తకంలో ఎలా ఉందో చూపిస్తే చాలు.

రాత్రి అన్నాలయ్యాక పావుగంట నువ్వే కథ చదువు, అక్షరాల కింద వేలు జరుపుతూ. ఫోన్ వేరే గదిలో పెట్టు, ముందు నీది.

సంక్రాంతికి వస్తారుగా. కారు వద్దు, బస్సుకే రండి. బస్టాండులో పల్లె వెలుగు బస్సు ముందర వాణ్ని నిలబెట్టు. ల వత్తు ఒక్కటే కొత్త, మిగతాది వాడే చదువుతాడు. చదివేదాకా బస్సెక్కకండి, ఇంకోటి అరగంటలో వస్తుందిలే.

మీ పెద్దమ్మ