ముందు ఆ రాయి సంగతి వదిలెయ్

ఒరేయ్ బుజ్జీ,

కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో 'హాఫ్ ఎ లోఫ్ ఆఫ్ కుంగ్‌ఫూ' వేస్తున్నావనీ, ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. ముప్పై ఏళ్లు ఎడిటింగ్ రూములో గడిపినవాణ్ణి, నాకు తోచింది చెబుతాను.

కథతో మొదలుపెట్టకు. ఒక పచ్చరాయిని కొట్టేయాలని దొంగలు, కాపాడాలని కాపలావాళ్లు, మధ్యలో విద్య సరిగ్గా రాని జాకీ చాన్. ఎవరు ఎవరి మనిషో మూడుసార్లు చూసినా నాకు పూర్తిగా పట్టుబడలేదు. ఆ రాయి దండెం లాంటిది, దానిమీద ఫైట్లు ఆరేశారు.

1978 నాటి సినిమా అని మాత్రం తప్పక చెప్పు. దర్శకుడు చెన్ చీ-హ్వా. నిర్మాత 'లో వే' అప్పటిదాకా జాకీని మరో బ్రూస్ లీని చేయాలని చూశాడు. ఇందులో కుర్రాడు ఆ బిగుసుకున్న ముఖం తీసేసి వెక్కిరించడం మొదలుపెట్టాడు. టైటిల్స్‌లోనే జపాన్ సినిమాల్లోని గుడ్డి కత్తివీరుడు జటోయిచికి పేరడీ ఉంటుంది. ముందే చెప్పకపోతే మీవాళ్లు పిచ్చివేషాలు అనుకుంటారు.

కాపీ చూసుకుని తెచ్చుకో. టీవీకి సరిపోయేలా పక్కలు కోసేసిన కాపీలో తన్నేవాడు కనిపిస్తాడు, తన్నించుకునేవాడు కనిపించడు! ఇంగ్లీషు డబ్బింగ్ వద్దు, చైనీస్ ఆడియోతో సబ్‌టైటిల్స్ పెట్టు. పెదవులు కలవలేదని ఎవరైనా నవ్వితే, అప్పట్లో హాంకాంగ్‌లో ముందు బొమ్మ తీసి, తర్వాతే గొంతులు కలిపేవాళ్లని చెప్పు.

మధ్యలో సాగుతుంది. దాన్ని వెనకేసుకు రావద్దు. సెట్లు వెలవెలబోయాయంటే డబ్బు లేదని సరిపెట్టుకోవచ్చు, కానీ కత్తెర వేయడానికి ఖర్చేముందిరా? నా చేతికిస్తే పదిహేను నిమిషాలు లేపేసేవాణ్ణి. నువ్వు అక్కడే ఇంటర్వెల్ ఇచ్చేయ్, టీ తాగి వస్తారు.

చివరి ఫైటుకి మాత్రం అందరూ సీట్లలో ఉండాలి. ఈ సినిమా వేయడమే దానికోసం. తల నుంచి పాదం దాకా మనిషంతా ఫ్రేములో ఉంటాడు, ఒక్క షాట్‌లో ఐదారు దెబ్బలు పడతాయి. ఇప్పుడైతే ఒక్క గుద్దుకే మూడుసార్లు షాట్ మారుస్తారు. జాకీ కుంగ్‌ఫూ పుస్తకం పేజీలు తిప్పుకుంటూ కొట్లాడే చోట నవ్వాగదు. అప్పుడు నువ్వు మైకు పట్టుకోకు.

ప్రొజెక్టర్, స్పీకర్లు ముందురోజే పెట్టి చూసుకో. మీ నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ పెదనాన్న