మూలికల క్రీముల రంగం: ఎంఫార్మసీలో ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి బీఫార్మసీ మూడో ఏడాది. మూలికల సారం చర్మంలోకి దిగే క్రీములు తయారుచేసే పనిలోకి వెళ్తానంటోంది. అందుకోసం ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ తీసుకుంటుందట. అది సరైనదేనా? ఈలోగా ఇంట్లో క్రీములు చేసి అమ్ముకోవచ్చా?

జవాబు: ఫార్మకాగ్నసీ వద్దండీ, ఫార్మాస్యూటిక్స్ తీసుకోమనండి. ఆకులోంచి సారం తీయడం, అందులో ఏముందో తేల్చడం ఫార్మకాగ్నసీ నేర్పుతుంది. ఆ సారాన్ని చర్మంలోకి దించడం ఫార్మాస్యూటిక్స్ పని. మీ అమ్మాయికి కావలసింది అదే.

చిక్కంతా చర్మం పైపొర దగ్గరే. మందం 10–20 మైక్రోమీటర్లే గానీ, 500 డాల్టన్లు (అణువు బరువుకు కొలమానం) దాటిన అణువుల్ని దాదాపుగా లోపలికి రానివ్వదు. మీ కాలవ గట్ల మీద పాకే సరస్వతి ఆకునే తీసుకోండి. అందులోని ఆసియాటికోసైడ్ అణుభారం 959. మామూలు క్రీములో కలిపితే చాలావరకు పైనే ఉండిపోతుంది. సారాన్ని చర్మంలోకి మోసుకెళ్లే అతిసూక్ష్మమైన కొవ్వు వాహకాలు, అంటే లైపోజోములు, ఎథోజోములు, ఫైటోజోముల అవసరం ఇక్కడే వస్తుంది. పసుపులోని కర్క్యుమిన్‌కు బరువుతో పేచీ లేదు, 368 మాత్రమే. కానీ నీళ్లలో కరగదు, వెలుతురు తగిలితే పాడవుతుంది, పైగా బట్టలకు మరక.

అలాగని మొదట్లోనే లైపోజోముల వెంట పడకూడదు. మామూలు క్రీము విరగకుండా నిలబెట్టడం రానివాళ్లు ఇంటర్వ్యూలో ఇట్టే దొరికిపోతారు. కాలేజీ ల్యాబ్‌లో 100 గ్రాముల బ్యాచ్ చేయమనండి. సిటోస్టియరిల్ ఆల్కహాల్ 5 గ్రాములు, గ్లిజరిల్ మోనోస్టియరేట్ 3, లిక్విడ్ పారఫిన్ 8, సిటోమాక్రోగాల్ 2 ఒక బీకరులో, ఇది నూనె, మైనాల భాగం. గ్లిజరిన్ 5, నీళ్లు ఇంకో బీకరులో. రెండూ 75 డిగ్రీల దగ్గర ఉండగానే కలపాలి. నీళ్లు చల్లబడితే మైనం పలుకులు కడుతుంది. 40కి దిగాక ఒక గ్రాము ఎండు సారాన్ని 5 గ్రాముల ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కరిగించి వేయాలి, దాంతోపాటే బూజు పట్టకుండా ఫినాక్సీఇథనాల్ 0.9. పీహెచ్ 5–5.5 మధ్య ఉండాలి. కోనసీమ తేమకు ఎండు సారం చూస్తుండగానే ముద్దకడుతుంది. డెసికేటర్‌లోంచి (తేమ తగలకుండా దాచే గాజు పాత్ర) తీసిన వెంటనే తూయకపోతే, పీల్చుకున్న నీళ్లను కూడా సారంగా లెక్కేసినట్టే.

తర్వాత ఫ్రాంజ్ సెల్‌లో పరీక్ష. చర్మాన్ని గానీ పొరను గానీ మధ్యలో బిగించి, పైన రాసిన క్రీములోంచి కింది ద్రావణంలోకి ఎంత దిగిందో చూసే గాజు పరికరం అది. చర్మం దగ్గర 32 డిగ్రీలు ఉండాలి. పొర కింద గాలిబుడగ చిక్కితే లెక్క తక్కువొస్తుంది. అందరూ తప్పేది ఇక్కడే. కింది ద్రావణంలోకి ఎంత ఎక్కువ దిగితే అంత గొప్ప అనుకోవడం ఇంకో పొరపాటు. సౌందర్య క్రీముకు సారం చర్మంలో నిలవాలి, రక్తంలోకి పోకూడదు. చర్మంలో ఎంత మిగిలిందో హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద కొలిచి చూపించగలిగిన పిల్లను ఏ ఆర్ అండ్ డీ మేనేజరూ తేలిగ్గా వదులుకోడు.

ఇంట్లో చేసి అమ్మడం మాత్రం వద్దు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి లైసెన్సు ఉండాలి. గజ్జి తగ్గుతుందని లేబుల్ మీద రాశారా, అది కాస్మెటిక్ కాదు, మందు. దాని లైసెన్సు వేరు. ప్రిజర్వేటివ్ లేకుండా కలబంద గుజ్జుతో చేసిన క్రీము మీ వానాకాలంలో వారానికే బూజు పట్టొచ్చు.

ఎంఫార్మసీకి జాతీయ ప్రవేశ పరీక్ష జీప్యాట్ ఫైనలియర్‌లోనే రాయొచ్చు, దాంతోపాటు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్ కూడా రాయించండి. సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు కన్నా ల్యాబ్‌లో ఫ్రాంజ్ సెల్, హెచ్‌పీఎల్‌సీ నిజంగా నడుస్తున్నాయో లేదో సీనియర్లను అడగమనండి. ఈ ఉద్యోగాలు డెల్టాలో దొరకడం కష్టం, ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, ముంబైల వైపే. అమ్మాయిని అంతదూరం పంపడానికి సిద్ధమేనా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.