విత్తనంకాయ జోలికి పోవద్దు నాయనా

అనంతపురం

నాయనా,

నిన్న మీ నాయన ఫోన్ చేసి, నీకు అమెరికాలో పెట్రోల్ బంకులో రాత్రిపూట పని దొరికిందని, జీతం రొక్కంగా చేతికే ఇస్తారని సంతోషంగా చెప్పినాడు. నాకు నిద్ర పట్టలేదు. ఆ పనికి పోవద్దు. మిగతావన్నీ ఈ మాట తర్వాతే.

నీది ఎఫ్-1 వీసా, అంటే చదువుకునేవాళ్లకు ఇచ్చేది. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని. సెలవుల్లో అక్కడే ఫుల్‌టైమ్ చేయొచ్చు. బయట పనికి సీపీటీయో (చదువుతా ఉండగా కోర్సులో భాగంగా చేసే పనికి ఇచ్చేది), ఓపీటీయో (చదివిన రంగంలోనే పనికి, ఎక్కువగా చదువయ్యాక ఇచ్చేది), ఏదో ఒక అనుమతి ఉండాల. అది లేకుండా చేస్తే స్టేటస్, అంటే ఆ వీసా మీద అక్కడ ఉండే హక్కు, పోతుంది. నువ్వు తిరిగొచ్చినా చదువుకు తెచ్చిన అప్పు ఇక్కడే ఉంటుంది, కళ్యాణదుర్గం చేను తాకట్టులోనే ఉంటుంది. నేను బ్యాంకులో ఉన్నప్పుడు అట్లా మధ్యలో వచ్చేసిన ఒక పిల్లోని ఫైలు నా టేబుల్ మీదికే వచ్చింది. డిగ్రీ చేతికి రాలే, వడ్డీ మాత్రం పెరుగుతా ఉంది. వాళ్ల నాయన నా ఎదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేకపోయినాడు.

లెక్క చూడు. 40 లక్షలు 10.5 శాతానికి అంటే వడ్డీనే నెలకు 35 వేలు. మారటోరియం అంటే కంతు కట్టనక్కర లేదనే, వడ్డీ ఆగదు. క్యాంపస్‌లో గంటకు 12 డాలర్లు ఇచ్చినా వారానికి 240. అది బాడుగకు, తిండికి సరిపోతే చాలు. అప్పు తీర్చేది ఆ పని కాదు, చదువయ్యాక వచ్చే ఉద్యోగం. ఓపీటీ 12 నెలలు, నీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సు కాబట్టి ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఒకటి గుర్తుపెట్టుకో: ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ చదువు మీద ఓపీటీ ఇయ్యరు. సీనియర్లు ఏం చెప్పినా సరే, సంతకం పెట్టే ముందు కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు.

కరువు ఏడు కూడా మీ జేజి విత్తనంకాయ, అంటే విత్తనానికని దాచిన చెనక్కాయల గోతాం విప్పనిచ్చేది కాదు. పిల్లోళ్లం ఏడ్చినా ఇయ్యలే. నువ్వూ మూడు నెలల బాడుగ, తిండికి అయ్యే దుడ్లు వేరే ఖాతాలో పెట్టి మర్చిపో. కొత్త ఫోన్‌కు, స్నేహితుల టూర్‌కు దాన్ని తీయొద్దు. కడుపు మాత్రం మాడ్చుకోవద్దు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో మిగిల్చుకోవాలని చూడొద్దు. క్రెడిట్ కార్డు బిల్లు నెలనెలా పూర్తిగా కట్టు, మినిమమ్ కట్టి ఊరుకోవద్దు. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి అని ఎవరైనా బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమంటే వాడు దొంగ, ఫోన్ పెట్టేయ్.

పన్ను సంగతి చాలామంది పిల్లోళ్లు పట్టించుకోరు. ఆదాయం లేకున్నా ఫారం 8843 (విద్యార్థిగా అక్కడ ఉన్నానని అమెరికా పన్ను ఆఫీసుకు తెలిపే కాగితం) పంపాల. ఆదాయం ఉంటే పన్ను రిటర్న్ 1040-ఎన్‌ఆర్. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తాన్ని పన్ను లెక్క నుంచి తీసేయడం) దొరుకుతుంది, అడిగి తీసుకో. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా నీ జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్‌కు, వైద్యానికి పట్టుకునే పన్నులు) కోత పడకూడదు.

మొదటి పే స్లిప్ రాగానే ఫోటో తీసి నాకు పంపు. కోతలు నేను చూస్తాను.

నీ చిన్నాయన