వెండితెరపై హైదరాబాద్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమెరికాలో పుట్టి పెరిగిన మా మనవరాలు డిగ్రీ పూర్తి చేసుకుని, తొలిసారి కొన్ని నెలలు ఉండేలా హైదరాబాద్ వస్తోంది. ఈలోగా మన ఊరు కళ్లకు కట్టే సినిమాలు చూడమని చెప్పాలనుకుంటున్నాను. ఏవి చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మొదట శేఖర్ కమ్ముల గారి 'ఆనంద్' (2004) చూడమనండి. చార్మినార్, గోల్కొండ లేకుండానే ఊరిని పరిచయం చేసే సినిమా అది. ఆ సినిమా తీసిన సికింద్రాబాద్‌లోని పద్మారావునగర్ దర్శకుడికి సొంత పేట కావడం వల్ల కాబోలు, ప్రహరీ గోడ, వాకిట్లో చెట్లు, వాన, పొరుగున అద్దెకు దిగిన మనిషితో పెరిగే చనువు, ఇవన్నీ అలంకారంగా కాక కథ నడిచే చోటుగానే కనిపిస్తాయి. అటువంటి ఇళ్లు ఎన్నో ఇప్పుడు అపార్ట్‌మెంట్లుగా మారిపోయాయి కనుక, ఆ సినిమా మనకు తెలియకుండానే ఒక కాలపు సికింద్రాబాద్‌ను భద్రపరిచిందని నేను నమ్ముతాను.

తరువాత తరుణ్ భాస్కర్ గారి 'పెళ్ళిచూపులు' (2016). మాటలను డబ్బింగ్‌లో కాక చిత్రీకరణ సమయంలోనే రికార్డు చేయడం వల్ల, ఈ ఊరి కుర్రకారు నిజంగా మాట్లాడుకునే తీరు ఇందులో సహజంగా వినిపిస్తుంది. ఊరిని చూడటం ఎంత ముఖ్యమో వినడమూ అంతే ముఖ్యం. అందుకే పాతబస్తీ దక్కనీ యాస కోసం 'ది అంగ్రేజ్' కూడా చూడమనండి. చార్మినార్ దగ్గర కాలక్షేపం చేసే మిత్రబృందానికీ, అమెరికా నుంచి వచ్చి ఐటీ ఉద్యోగాల్లో చేరిన యువకులకూ మధ్య నడిచే ఆ కథలో ఒకే నగరంలోని రెండు ప్రపంచాలు ఎదురుపడతాయి. అమెరికా నుంచి ఇంటికి వచ్చిన యువకుడి అయోమయాన్ని చూపే 'హైదరాబాద్ బ్లూస్' (1998) ఆమెకు మరింత దగ్గరగా అనిపించవచ్చు. నాగేశ్ కుకునూర్ గారు దానిని చాలా తక్కువ ఖర్చుతో, కొద్ది రోజుల్లోనే తీశారు.

ఇటీవలి సినిమాలు చాలావరకు దుర్గం చెరువు తీగల వంతెననో హుస్సేన్ సాగర్ బుద్ధుడినో డ్రోన్‌తో ఒక్క క్షణం చూపి, వెంటనే ఏ ఊరిలోనైనా ఉండదగిన గదిలోకి వెళ్లిపోతున్నాయి. బుద్ధుడి విగ్రహాన్ని చూడటానికి సినిమా అక్కర్లేదు. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడితే పడమటి వెలుగులో అది ఎదురుగానే కనిపిస్తుంది.

ప్రశ్న: 'ఒక్కడు' సినిమాలో కనిపించేది అసలైన చార్మినారేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అందులో చాలాచోట్ల కనిపించేది సెట్. 2003లో విడుదలైన ఆ చిత్రం కోసం గుణశేఖర్ గారు చార్మినార్‌నూ, చుట్టూ ఉండే ఇళ్లనూ సెట్‌గా వేయించారు. 1591లో కట్టిన అసలు కట్టడం కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది కాబట్టి చిత్రీకరణకు అనుమతులు కావాలి. ఆపై నిత్యం కిటకిటలాడే ఆ బజారును రాత్రుల తరబడి ఆపడం జరిగే పని కాదు. అయినా ఆ మిద్దెల మీది సన్నివేశాల్లో పాతబస్తీ ఇరుగుపొరుగు బతుకు ఎంతో నమ్మకంగా కుదిరింది. లాడ్‌బజార్ సందడి మాత్రం సెట్‌కు పూర్తిగా లొంగేది కాదు.

ప్రశ్న: పాత రంగుల చిత్రాల పాటల్లో నాయికానాయకుల వెనుక పెద్ద పెద్ద బండరాళ్లు కనిపించేవి. ఇప్పుడు కనిపించవెందుకు?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఈ ఊరి అసలైన ప్రకృతి ఆ రాళ్లేనని నా అభిప్రాయం, మీరు వాటిని గుర్తుంచుకున్నందుకు సంతోషంగా ఉంది. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి ఈ గ్రానైట్, పగుళ్ల వెంట నీరు, ఎండ తొలిచి తొలిచి, ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే గుండ్లుగా మిగిలింది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో జనవాసం పలుచగా ఉన్న రోజుల్లో స్టూడియో నుంచి కొద్ది దూరం వెళితే చాలు, పాటకు కావలసిన నేపథ్యం దొరికేది. తరువాత భవనాల కోసం, రోడ్ల కోసం చాలా గుట్టలను పేల్చివేశారు. పాటల చిత్రీకరణ విదేశాలకు తరలడం కూడా మరో కారణం.

మిగిలినవాటిని చూడాలంటే ఖాజాగూడ గుట్టలకు, కేబీఆర్ పార్కుకు వెళ్లండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని మష్రూమ్ రాక్ కూడా చూడదగినదే, అయితే లోపలికి ప్రవేశం గురించి ముందే కనుక్కుని బయలుదేరండి.